బూడిదమట్టి నేల

మొన్న మా అపార్ట్‌మెంట్ పక్క స్థలంలో పాత షెడ్డు ఒకటి కూల్చారు. పీర్జాదిగూడలో పాత షెడ్డు అంటూ ఇక ఏదీ మిగిలేలా లేదు, ప్రతి దాని స్థానంలోనూ అయిదంతస్తులు లేస్తున్నాయి. నలుగురు కూలీలు పైకెక్కి సిమెంటు రేకులను సుత్తెలతో పగలగొట్టి ముక్కలు కిందకు విసురుతున్నారు. బూడిదరంగు పొడి లేచి మా బాల్కనీలో ఆరేసిన బట్టల మీద వాలుతోంది. నేను ఉన్న చీరతో, ఇంట్లో చెప్పులతో కిందకు దిగి అరిచాను. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, “రేకులే గదమ్మా, బాంబులా?” అన్నాడు. బాంబయితే చప్పుడు వినిపిస్తుంది, పారిపోయే వీలుంటుంది, ఇది పారిపోనివ్వదు అన్నాను. మా మొక్కలకు నీళ్ళు పట్టే పైపు తెచ్చి నేనే రేకులు తడిపించాను. బోల్టులు విప్పి ఒక్కో రేకు నిదానంగా దింపమని చెప్పాను. సరే సరే అన్నారు. మధ్యాహ్నం నేను కునుకు తీశాక మళ్ళీ సుత్తెలు ఎత్తారని మా వాచ్‌మన్ చెప్పాడు.

రిటైరైన డాక్టరు మాటకు ఉన్న విలువ అంతే. అందుకే రాయాలనిపించింది. నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు ఘట్‌కేసర్ వైపు ప్రాక్టీసు పెట్టుకున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు, మీ అనుభవాలు రాయండి మేడం అని చాలాకాలంగా వెంటపడుతున్నారు. నేను ఛాతీ డాక్టర్ని. నాచారంలో ఒక చిన్న ట్రస్టు ఆస్పత్రిలో దాదాపు నా ఉద్యోగమంతా గడిచింది. ఆ ఆస్పత్రి ఇప్పుడు లేదు, అక్కడ టైల్స్ షోరూం ఉంది. నాకొచ్చిన పదోన్నతుల గురించి రాయను, చెప్పుకోదగ్గవి రాలేదు కూడా. నాకు నోరెక్కువ అని పేరు. ఆ పేరు అబద్ధం కాదు.

నీళ్ళు కనిపిస్తే టీబీ

నేను చేరినప్పుడు మా పెద్ద డాక్టరుగారు ఒకాయన ఉండేవారు. మంచి మనిషి. రోగి మంచం పక్కన నిలబడి మాట్లాడితే ఆయనకు కోపం. స్టూలు లాక్కుని కూర్చో, నీ కళ్ళూ వాళ్ళ కళ్ళూ ఒక ఎత్తులో ఉండాలి అనేవారు. ఈ రోజుకీ నేను అదే చేస్తాను. ఆయన నేర్పిన రెండో పాఠం మాత్రం నేను మర్చిపోవడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీళ్ళు కనిపిస్తే టీబీ మందులు మొదలుపెట్టు, ఆలోచన తర్వాత అనేవారు.

ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. మన దగ్గర టీబీ అంత ఎక్కువ. చాలాసార్లు ఆయన మాటే నిజమయ్యేది, మందులు వాడిన మనిషి ఆర్నెల్లకు బుగ్గలు నింపుకుని వచ్చి దండం పెట్టేవాడు. చిక్కేమిటంటే, చాలాసార్లు నిజమయ్యే మాట క్రమంగా మనల్ని ప్రశ్నలు అడగకుండా చేస్తుంది. మందులు వాడినా నీళ్ళు మళ్ళీ చేరితే, మందులు సరిగ్గా మింగలేదని రోగి మీదకే నెట్టేవాళ్ళం.

ఇక ఫ్యాక్టరీల సంగతి. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ చుట్టూ అప్పట్లో అన్ని రకాల ఫ్యాక్టరీలూ ఉండేవి. మా రోగుల్లో చాలామంది అక్కడి పనివాళ్ళు. వాళ్ళలో కొందరు సిమెంటు రేకులు చేసే ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు. ఆ ఫ్యాక్టరీ పేరు రాయను, మూతపడి చాలాకాలమైంది. మా ఓపీ హాల్లో తిరిగే ఫ్యాన్లు ఆ ఫ్యాక్టరీ వాళ్ళు దానమిచ్చినవే. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇంతకు ముందు?

యాదగిరి అనే ఆయన ఆయాసంతో వచ్చాడు. కాప్రాలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. కేసు షీట్లో వృత్తి అన్నచోట వాచ్‌మన్ అనే రాసి ఉంది. బీడీలు కాలుస్తాడు, కాబట్టి అందరూ బీడీలనే తిట్టారు. నేను వీపు మీద స్టెత్ పెట్టి కింది భాగంలో విన్నాను. చెవి దగ్గర నాలుగు వెంట్రుకలు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూడండి, ఆ చప్పుడే వినిపించింది. వేలి చివర్లు ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి. బీడీ ఒక్కటే అంత పని చేయదు.

వాచ్‌మన్ కంటే ముందు ఏం చేసేవాడివి అని అడిగాను. రేకుల ఫ్యాక్టరీలో గోనె సంచులు కోసి మిషన్‌లో గుమ్మరించేవాణ్ణి అన్నాడు. సంచుల్లో ఏముండేది?

“తెల్లగ దూది లెక్క ఉంటుండె మేడం. మస్తు మెత్తగ. పండుగ దినం ఒకని మీద ఒకడు సల్లుకుని ఆడుకుంటుంటిమి.”

ఆ దూదిలాంటిదే ఆస్బెస్టాస్. రాతి నుంచి తీసే నార, రేకులు గట్టిగా ఉండడానికి సిమెంటులో కలుపుతారు. నలిగితే కంటికి కనిపించనంత సన్నని పోగులుగా విడిపోయి గాలిలో తేలుతుంది. పీల్చుకున్న పోగులు ఊపిరితిత్తుల అడుక్కు చేరతాయి. ఒంట్లో అవి కరగవు, చాలావరకు దగ్గినా బయటకు రావు. శరీరం వాటితో ఏళ్ళ తరబడి పోరాడి, ఆ పోరాటంలో ఊపిరితిత్తులే గట్టిపడిపోతాయి. దాన్ని ఆస్బెస్టోసిస్ అంటారు. గట్టిపడింది మళ్ళీ మెత్తబడదు, మందు లేదు. అదే పోగుల వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది, పొగ తాగేవాళ్ళకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పలచటి పొరకు వచ్చే క్యాన్సర్ మరొకటి ఉంది, దాని పేరు మెసోథీలియోమా. ఇవేవీ పని చేస్తున్నప్పుడు రావు. ఇరవై ముప్పై ఏళ్ళకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తాయి. అప్పటికి మనిషి పని మారి ఉంటాడు, ఊరు మారి ఉంటాడు, ఫ్యాక్టరీ మూతపడి ఉంటుంది. ఏం పని చేస్తావు అని అడిగితే నిజమే చెబుతాడు, కానీ ఆ నిజం మనకు పనికిరాదు. ఇంతకు ముందు ఏం చేసేవాడివి, దానికి ముందు ఏం చేసేవాడివి అని వెనక్కి వెనక్కి అడగాలి.

నేను కేసు షీట్లో ఆస్బెస్టోసిస్ అని రాశాను. పెద్ద డాక్టరుగారు నన్ను గదికి పిలిచారు. అది తప్పని ఆయన అనలేదు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని రాయమ్మా, ఎందుకో రాయడం దేనికి అన్నారు. అంటూ పైకి చూశారు. ఆయన గదిలో ఫ్యానూ అదే ఫ్యాక్టరీది. నేను రాసింది కొట్టెయ్యలేదు. కొన్నాళ్ళు ఆయన నాతో మాట్లాడలేదు. నేను రాసినందువల్ల యాదగిరికి ఒరిగిందేమీ లేదు, నష్టపరిహారంగా ఎవరూ ఏమీ ఇవ్వకుండానే పోయాడు. అయినా సగం నిజం రాసి సంతకం పెట్టడం డాక్టరు పని కాదని ఆనాడూ అనుకున్నాను, ఈనాడూ అనుకుంటున్నాను. ఆ పట్టుదల నాకు అసలు అవసరమైంది చాలా ఏళ్ళ తర్వాత, కరుణమ్మ దగ్గర.

స్టీలు గ్లాసు

నా ఉద్యోగం చివరి సంవత్సరంలో వచ్చింది కరుణమ్మ. జనగామ వైపు పల్లె నుంచి పెళ్ళి చేసుకుని నాచారం వచ్చిన మనిషి. భర్త ప్రకాశం అదే రేకుల ఫ్యాక్టరీలో లోడింగ్ పనిచేసి, ఆయాసంతో ఎప్పుడో పోయాడు. కొడుకు జోయెల్ ఉప్పల్లో గూడ్సు ఆటో నడుపుతాడు. కుడివైపు ఛాతీలో నీళ్ళు. వేరేచోట నెలల తరబడి టీబీ మందులు వాడారు. నీళ్ళు తీయడం, మళ్ళీ చేరడం. మనిషి సగమైపోయింది. వృత్తి అని అడిగితే, “ఏం పని లేదు మేడం, ఇంట్లనే ఉంట” అంది.

నేను వీపులో సూది గుచ్చి నీళ్ళు తీస్తున్నాను. నొప్పి గురించి ఒక్క మాట లేదు. కళ్ళు మూసుకుని అడిగింది.

“టీబీ ఎప్పటికి పోతది మేడం? వచ్చే బల్లకు పోతదా?”

నాకు అర్థం కాలేదు. నేను గుడివాడ వైపు మనిషిని, ఇంట్లో దీపం పెట్టుకునేదాన్ని, వాళ్ళ మందిరం సంగతులు నాకు తెలియవు. ఆమే చెప్పింది. వాళ్ళ బస్తీలో చిన్న ప్రార్థనా మందిరం ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం బల్ల ఉంటుంది, అంటే ప్రభువు భోజనం. రొట్టె ముక్క తిని, ద్రాక్షరసం తాగుతారు. కొన్ని సంఘాల్లో ఎవరి చిన్న గిన్నె వాళ్ళకు ఇస్తారట గానీ, వీళ్ళది మాత్రం మొదటి నుంచీ ఒకటే పాత్ర. అందరూ ఒకరి తర్వాత ఒకరు అదే పాత్రలో తాగుతారు. సంఘపెద్ద ఒకాయన పక్కనే నడుస్తూ, ఒక్కొక్కరు తాగాక భుజం మీది తెల్లగుడ్డతో అంచు తుడుస్తాడు.

టీబీ అని తెలిశాక కరుణమ్మను ఎవరూ ఏమీ అనలేదు. ఎంతో మర్యాదగానే చెప్పారు, అక్కా నువ్వు ఇంటి నుంచి గ్లాసు తెచ్చుకో అని. ఆమె తన పెళ్ళినాటి స్టీలు గ్లాసు, పేర్లు చెక్కించింది, సంచిలో పెట్టుకుని వెళ్ళేది. తలుపు దగ్గర కూర్చునేది. అందరూ తాగాక చివరలో ఆమె గ్లాసులో కాస్త పోసేవారు.

“అండ్ల తాగుతుంటే ఇంట్ల నీళ్ళు తాగినట్లుంటది మేడం” అంది.

ఆమెకు కావలసింది అదొక్కటే. బతకాలని ఎవరికి ఉండదు, ఆమెకూ ఉంది. కానీ నన్ను అడిగింది మాత్రం మళ్ళీ అందరితో ఒక పాత్రలో తాగడం గురించి. మీరొచ్చి మా పాస్టరుగారికి చెప్పాలె, టీబీ పోయిందని, మీరు చెప్తే వింటరు అంది. ముందు పరీక్షలు కానీ, చూద్దాం అన్నాను.

అంటుకోదు కదా

పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాను. మెసోథీలియోమా అని వచ్చింది. టీబీ ఎప్పుడూ లేదు.

రిపోర్టు వచ్చిన రోజు జోయెల్ నన్ను కారిడార్‌లో ఆపాడు. ఛాతీ డాక్టరు ఉద్యోగంలో సగం కారిడార్‌లోనే జరుగుతుంది. లోపల మంచం మీద రోగి, బయట తలుపు దగ్గరగా వేసి బంధువులు. పెద్దామెకు చెప్పొద్దు, తట్టుకోలేదు అంటారు. ఈ బేరంలో నేను ఓడిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ ప్రేమ దొంగప్రేమ అని నేననను. కానీ తన ఒంట్లో ఏముందో తనకు తప్ప వీధి మొత్తానికి తెలియడం కంటే ఒంటరితనం ఇంకొకటి లేదు.

“క్యాన్సర్ అని చెప్పకుండ్రి మేడం. టీబీ అనే ఉండనియ్యుండ్రి. టీబీ అంటే తగ్గుతదని ఆశ ఉంటది” అన్నాడు జోయెల్. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

నేను అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టాను. మీ అమ్మ ఆదివారం మందిరంలో ఎక్కడ కూర్చుంటుందో తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. ఆదివారం కిరాయిలు ఎక్కువ ఉంటాయి, బండి తోలుతాడు. స్టీలు గ్లాసు సంగతి, తలుపు దగ్గర కూర్చోవడం, అన్నీ చెప్పాను. తగ్గుతుందన్న ఆశ కోసం మీరు ఉంచమంటున్న ఆ పేరే ఆమెను తలుపు దగ్గర కూర్చోబెట్టింది అన్నాను. ఆ గ్లాసు మీద నాయిన పేరు ఉన్నదా అని జోయెల్ అడిగాడు. పేర్లున్నాయని చెప్పింది, నేను చూడలేదన్నాను.

“చెప్పుండ్రి మేడం. నేను బయటుంట” అని లేచాడు.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. టీబీ కాదు కరుణమ్మా, క్యాన్సర్ అన్నాను. పూర్తిగా తగ్గించే మందు లేదని, నీళ్ళు మళ్ళీ చేరకుండా చూడగలనని, నొప్పి లేకుండా చూసే పూచీ నాదని చెప్పాను. ఏడుస్తుందనుకుని చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

“అయితే ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు గదా మేడం?”

అంటుకోదన్నాను. మంచం మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఆమె ముఖం అంత తేటగా నేను అంతకుముందు చూడలేదు. ఇన్నేళ్ళ వృత్తిలో క్యాన్సర్ అన్న మాట విని ఊరట పడిన మనిషిని ఒక్క కరుణమ్మనే చూశాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఎక్కడ ఊడుస్తారు

ఆ తర్వాత అడిగింది, ఇది నాకెట్ల వచ్చింది, నేను ఫ్యాక్టరీ గేటు కూడా దాటలేదు అని. భర్త బట్టల గురించి అడిగాను. దులిపి ఉతికేదాన్ని అంది. పనివాళ్ళ భార్యలకు అలా రావడం ఉంది, నేను అక్కడితో ఆగిపోయేదాన్నే. కానీ ప్రకాశం లోడింగ్ పనివాడు, నార సంచుల దగ్గర పనిచేసినవాడు కాదు. ఇంటి పైకప్పు ఏమిటి, ఇంట్లో కాక ఇంకెక్కడైనా పని చేస్తావా అని అడుగుతూ పోయాను. పని లేదు మేడం అనే అంటుంది. చివరకు విసుగొచ్చి, మరి రోజంతా ఏం చేస్తావమ్మా అన్నాను.

“రోజు ఏముంటది మేడం. శనివారం శనివారం మందిరం ఊడుస్త. పెండ్లయినప్పటి నుంచి ఊడ్సిన. ఈ నడుమనే సాత కాక బంద్ పెట్టిన.”

అది పని అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అది సేవ. అందుకే ఏ డాక్టరు అడిగినా చెప్పలేదు.

మందిరం ఎవరు కట్టారని అడిగాను. ఆమె ముఖం వెలిగింది. సంఘంలో సగంమంది మగవాళ్ళు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. పొద్దంతా పనిచేసి వచ్చి సాయంత్రాలు తమ చేతులతో కట్టుకున్నారు. అంచులు విరిగిన రేకులు ఫ్యాక్టరీ వాళ్ళు ఊరికే ఇచ్చారు. రేకులు కోసినప్పుడు రాలే పొడి కూడా ఊరికే ఇచ్చారు, పారబోయడానికి చోటు లేక. బూడిదరంగులో ఉంటుంది కాబట్టి వీళ్ళు బూడిదమట్టి అనేవారు. ప్రకాశమూ, అతని స్నేహితుడు ఇస్సాకూ ట్రాక్టర్ల మీద తెచ్చి, కాస్త సిమెంటు కలిపి నేల పరిచారు. నున్నగా, చల్లగా ఉండేదట. ఏళ్ళు గడిచాక నేల అరిగి రేగడం మొదలైంది. ఎంత ఊడ్చినా ఇంకా పొడి వస్తూనే ఉండేది. ఆదివారం జనం మోకరించి లేస్తే బట్టలకు అంటుతుందని కరుణమ్మ ఇంకా గట్టిగా ఊడ్చేది.

ఆమెకు చెప్పాను. ప్రకాశం బట్టలు కొంత, ఈ నేల చాలా. వారం వారం ఆ పొడి లేపి పీల్చావు కరుణమ్మా అన్నాను.

ఆమె మెల్లగా, “టీబీ కాదని చెప్పుండ్రి మేడం. నేల సంగతి చెప్పకుండ్రి. మా ఆయన చేతులతోని ఏసిన నేల. దేవుని ఇంటి మీద నింద నా వల్ల రావద్దు” అంది.

మా పెద్ద డాక్టరుగారు పైకి చూసిన ఫ్యాను నాకు గుర్తొచ్చింది. చెబితే రెండూ చెబుతాను, లేకపోతే రాను అన్నాను. చావుకు దగ్గరైన మనిషితో అలా మాట్లాడవచ్చా అని మీరు అడగవచ్చు. నేను అలాగే మాట్లాడాను. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేశాను. ఇప్పుడు శనివారాలు ఎవరు ఊడుస్తున్నారు?

“మా కోడలు. రూతు.”

చెప్పీ చెప్పగానే ఆమెకే అర్థమైంది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రూతు ఊడుస్తుంటే పిల్లలు ఆ పొడిలో వేళ్ళతో గీతలు గీస్తరు మేడం అంది. అని, ఇక నన్ను ఒప్పించాల్సిన పని లేకుండా తానే చెప్పింది, రెండూ చెప్పమని.

యువ డాక్టర్లకు నేను చెప్పేది ఇంతే. ఇంట్లనే ఉంట అన్న ఆడమనిషిని వదిలెయ్యకండి. ఎక్కడ ఊడుస్తారు, ఏం దులుపుతారు, ఎవరి బట్టలు ఉతుకుతారు అని అడగండి. జీతం లేని పనిని ఆడవాళ్ళు పని అనుకోరు, మనం కూడా అనుకోకుండా పెరిగాం.

ఆదివారం

పాస్టరుగారు చిన్న వయసువాడు, మెత్తని మనిషి. ముందురోజే వెళ్ళి కలిశాను. కంగారుపడ్డాడు గానీ అడ్డుచెప్పలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక మాట్లాడమన్నాడు.

లోపలికి అడుగు పెట్టగానే నాకు నేలే కనిపించింది. జనం మోకరించే చోట గుంటలు పడి ఉంది. రేకుల సందులోంచి పడుతున్న ఎండలో దుమ్ము కదులుతోంది. అక్కడ నిలబడి మాట్లాడడం నా వల్ల కాలేదు. అందరూ దయచేసి బయటకు రండి, బయట చెబుతాను అన్నాను. గొణుక్కుంటూ వచ్చారు. కరుణమ్మ కోడలి భుజం పట్టుకుని నిలబడింది. జోయెల్ ఆ రోజు బండి తీయలేదు.

మొదట టీబీ కాదని చెప్పాను. ఆమెకు ఎప్పుడూ టీబీ లేదు, ఆమె నుంచి ఎవరికీ ఏమీ రాదు అన్నాను. ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. తర్వాత నేల గురించి చెప్పాను. ఒకాయన కోపంగా, దేవుని మందిరం మనుషులకు రోగం పెడుతుందా, ఏం మాటలివి అన్నాడు. మందిరం పెట్టలేదు, ఫ్యాక్టరీ పొడి పెట్టింది అన్నాను.

వెనక నుంచి ఒక ముసలాయన ముందుకొచ్చాడు. తెల్ల చొక్కా, భుజం మీద తెల్లగుడ్డ. నాలుగడుగులకే ఆయాసపడుతున్నాడు. ఆయనే ఇస్సాకు, సంఘపెద్ద. కరుణమ్మకు గ్లాసు తెచ్చుకొమ్మని చెప్పింది కూడా ఆయనేనని తర్వాత తెలిసింది.

“ఆ మట్టి నేనే తెచ్చిన డాక్టరమ్మా. ప్రకాశం, నేను. మంచిగుంటదని తెచ్చినం. మాకు ఎవలూ చెప్పలే.”

మీ తప్పు కాదన్నాను. తెలిసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళు చెప్పలేదు. ఆ పొడి మంచిది కాదని ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చున్న వాళ్ళలో ఒక్కరికీ తెలియదంటే నేను నమ్మను. ఊరికే వస్తోంది కదా అని మీరు సంతోషించారు, వదిలిపోతోంది కదా అని వాళ్ళు సంతోషించారు అన్నాను. నా లోపల కూడా ఉంటదా అని ఆయన అడిగాడు. ఉండవచ్చు, పీల్చిన ప్రతివాళ్ళకూ జబ్బు రాదు, వచ్చి చూపించుకోండి, పొగ తాగేవాళ్ళు ఈ రోజే మానండి అని అందరికీ చెప్పాను.

వయసు పిల్లలు వెంటనే, రేపే గునపాలతో తవ్వి పారేస్తం అన్నారు. అప్పుడు అరిచాను. ఇదే మన దగ్గర జరిగే అసలు తప్పు. ప్రమాదమని తెలియగానే పగలగొడతాం, పగలగొడితే ఆ పొడి అంతా ఒక్కసారే గాలిలోకి లేస్తుంది. ముట్టుకోవద్దు, ఊడ్చవద్దు, తడిపి ఉంచండి, తెలిసిన ఇంజనీరును తీసుకొస్తాను అన్నాను. తీసుకొచ్చాను కూడా. నేలను బాగా తడిపి, కదిలించకుండా, దాని మీద మందంగా కాంక్రీటు పోశారు. విరగని రేకులను కోయకుండా, రంధ్రాలు పెట్టకుండా రంగు వేసి వదిలేశారు. విరిగినవాటిని తడిపి, విప్పి, ప్లాస్టిక్‌లో చుట్టి పంపించారు. చివరకు చేరాల్సిన చోటికే చేరాయో లేదో నేను చూడలేదు. ఈ దేశంలో ఆ రేకులు ఇంకా తయారవుతున్నాయి, ఇంకా కొంటున్నారు. ఒక మందిరం నేల కప్పించాను, అంతే. గొప్ప చెప్పుకోను.

కరుణమ్మ ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. నీళ్ళు మళ్ళీ చేరకుండా పొరలు అతుక్కునే మందు వేశాను, కొంతకాలం హాయిగా ఊపిరి తీసుకుంది. నొప్పి విషయంలో ఇచ్చిన మాట చాలావరకు నిలబెట్టుకున్నాను. శనివారాలు రూతు తడిగుడ్డతో తుడుస్తోంది, పాత చీపురు మందిరంలో లేదు. కానీ కరుణమ్మ గురించి నాకు గుర్తున్నది ఆమె చివరి రోజులు కాదు, ఆ మరుసటి బల్ల ఆదివారం.

గ్లాసు లేకుండా

నేల ఇంకా ఆరలేదు. మందిరం ముందు ఖాళీ స్థలంలో శామియానా వేశారు. నన్ను రమ్మని జోయెల్ వచ్చి చెప్పాడు. ఒక పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. కరుణమ్మ ముందు వరసలో ఉంది. వాళ్ళు ఏం నిర్ణయించుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. డాక్టరు చెప్పినంత మాత్రాన మనుషుల భయం పోతుందని నేను ఎన్నడూ నమ్మలేదు.

పాట అయింది. రొట్టె పంచారు. పాస్టరుగారు పాత్ర పట్టుకుని వరస వెంట వస్తున్నాడు, పక్కన ఇస్సాకు. ఒకరు తాగడం, ఆయన గుడ్డతో అంచు తుడవడం, ఇంకొకరికి ఇవ్వడం. కరుణమ్మ దగ్గరికి వచ్చి ఇద్దరూ ఆగారు. ఇస్సాకు చూపు అలవాటుగా ఆమె ఒళ్ళోని సంచి కోసం వెతికింది. సంచి లేదు. ఆమె రెండు చేతులూ ఖాళీగా చాచి ఉంచింది.

“గ్లాసు తేలే అన్నా” అంది.

అంటే వాళ్ళు ఇవ్వకపోతే ఆమెకు ఆ రోజు బల్ల లేదు. ఆ సంగతి తెలిసే వచ్చింది. జోయెల్ కుర్చీలోంచి సగం లేచాడు.

ఇస్సాకు పాస్టరుగారి చేతిలోంచి పాత్ర తీసుకున్నాడు. వంగి, తానే ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె నిదానంగా తాగి, కొంగుతో పెదవులు ఒత్తుకుని పాత్ర తిరిగి ఇచ్చింది. ఆయన చెయ్యి భుజం మీది తెల్లగుడ్డ దాకా వెళ్ళి ఆగింది. అంచు తుడవకుండానే పాత్ర ఎత్తి తాను తాగాడు, పక్కనున్న ఆమెకు అందించాడు.